నైట్ డ్యూటీ చేసి వచ్చాక దగ్గరవ్వాలనిపించడం లేదు

ప్రశ్న: నా వయసు 33. శ్రీకాకుళం జిల్లాలో డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుని. నెలకు పది నైట్లు పడతాయి. ఏడాదిగా కలయిక మీద ఆసక్తి పోయింది. మా ఆయన ‘నేనంటే నీకు ఇష్టం లేదు’ అంటున్నారు. ఆరు నెలలుగా టెన్షన్‌కి మాత్రలు వాడుతున్నాను. ఏం చేయాలి? - ఓ సోదరి

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. ఇది ఇష్టం తగ్గడం కాదు. ఉద్దానం ఊళ్ల నుంచి డయాలసిస్‌కు వచ్చే కిడ్నీ రోగులను నాలుగేసి గంటలు బీపీ పడిపోకుండా కనిపెట్టుకుని ఉంటారు. ఏళ్లుగా మిమ్మల్ని ‘సిస్టరమ్మా’ అని పిలిచిన మనిషి ఒకరోజు రారు. ఆ మంచం మీదే ఇంకొకరికి సూది పెట్టాలి. కాసేపు ఏడవడానికి కూడా వీలుండదు. ఇంటికొచ్చాక కూడా చెవిలో మెషిన్ అలారం మోగుతూనే ఉంటే, శరీరం సరసానికి ఎలా సిద్ధమవుతుంది?

రాత్రి మేలుకుని పగలు కునుకు తీస్తుంటే నిద్ర చాలదు, ఒత్తిడి హార్మోన్లు అదుపు తప్పుతాయి, కోరిక సన్నగిల్లుతుంది. ఇక మాత్రలు. పేరు రాయలేదు మీరు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివైతే కోరికను, తృప్తిని తగ్గించగలవు. సిగ్గుపడి ఈ సంగతి మీ డాక్టర్‌కు చెప్పి ఉండరని నా అనుమానం. చెప్పండి. డోసు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి. తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదలవ్వచ్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. కలయికలో నొప్పి, పొడిబారడం ఉంటే గైనకాలజిస్టుకు చూపించుకోండి.

ఈ పేరా మీ ఆయన చేత చదివించండి. బాబూ, ఆవిడ పొద్దున్న ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్లే పని లేకుండా చూడండి. గది చీకటి చేసి, ఫోన్ తీసేసుకుని, మధ్యాహ్నం దాకా పడుకోనివ్వండి. చుట్టాలొస్తే మీరే మాట్లాడి పంపండి. నైట్ దిగిన రోజు అడగకండి. కొన్ని వారాలు కలయిక సంగతే వద్దని ఇద్దరూ అనుకోండి. పక్కన కూర్చోవడం, కాళ్లు నొక్కడం, డ్యూటీలో ఏం జరిగిందో వినడం, అంతే. అడుగుతారేమోనన్న భయం పోతే, చాలామందిలో కోరిక మెల్లగా తిరిగొస్తుంది.

అమ్మా, రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఈసారి మాత్రల కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ ఆయన్ని కూడా వెంట తీసుకెళ్లండి.