మంచు ఫొటోకి యాప్ ఎందుకండీ?

ప్రశ్న: మంచులో తీసిన ఫొటోలన్నీ బూడిద రంగులో, మసకగా వస్తున్నాయి. తెల్లగా మార్చే మంచి యాప్ ఏదైనా చెప్తారా?

చలికాలం వస్తే చాలు, ఇదే ప్రశ్న. ఫోన్ మార్చేయమంటారా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఫోన్ మార్చక్కర్లేదు, యాప్ అసలే వద్దు.

ఎదురుగా ఏమున్నా సగటున ఓ మోస్తరు బూడిద రంగంత వెలుగే ఉంటుందని కెమెరా లెక్కేసుకుంటుంది. ఫ్రేమంతా తెల్లగా ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. దాన్ని మనమే పెంచాలి. తెర మీద మంచును తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపండి. అంకెలు కనిపించే ఫోనైతే +1 దగ్గర మొదలుపెట్టండి. మంచు మీది అడుగుజాడలు మాయమైపోతుంటే ఎక్కువైనట్టే, కాస్త తగ్గించండి. నీడలోని మంచు నీలంగా రావడం లోపం కాదు, దాని మీద పడేది ఆకాశం వెలుగే. మరీ ఎక్కువైతే ఫొటో రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను వార్మ్ వైపు, అంటే పసుపు ఛాయ వైపు జరిపితే సరి.

ఇంత పనికొచ్చే స్లైడర్‌ను కొన్ని ఫోన్లలో ఎక్కడో మెనూ అడుగున దాచేస్తారు. ముఖాన్ని నున్నగా చేసే బ్యూటీ ఫిల్టర్ మాత్రం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది!

ఇక యాప్ సంగతి. ఇన్‌స్టాల్ చేయగానే గ్యాలరీ మొత్తం చూస్తానంటుంది, మనం చదవకుండా 'అలౌ' నొక్కేస్తాం. ఆ గ్యాలరీలో మంచు ఫొటోలే ఉన్నాయా? గుర్తింపు కార్డులు, బ్యాంకు కాగితాలు, పాస్‌వర్డ్‌ల స్క్రీన్‌షాట్లు, పిల్లల ఫొటోలు, వాటిని ఎక్కడ తీశారో చెప్పే జీపీఎస్ వివరాలు... అన్నీ అక్కడే. "స్టోర్‌లో ఉన్న యాపే కదా" అంటారు. 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టిన స్పార్క్‌క్యాట్ అనే మాల్వేర్ (హానికర ప్రోగ్రామ్) గూగుల్ ప్లేలోనూ, యాపిల్ యాప్ స్టోర్‌లోనూ ఉన్న యాప్‌లలోనే దొరికింది. గ్యాలరీకి అనుమతి తీసుకుని, ఫొటోల్లోని అక్షరాలు చదివి, క్రిప్టో వాలెట్ రికవరీ పదాలు, అంటే క్రిప్టో డబ్బు దాచుకున్న ఖాతాను తిరిగి తెరిచే రహస్య పదాలు ఉన్న వాటిని ఏరి పంపించేది. ఇలాంటిది పాస్‌వర్డ్‌లు వెతకదని నమ్మకమేంటి?

పాత ఫొటోలు సరిచేయాలంటే ఫోన్‌తో వచ్చిన ఎడిటర్‌లోనే ఎక్స్‌పోజర్ (వెలుగు) పెంచుకోండి. యాప్ తప్పదనుకుంటే ఐఓఎస్ 14, ఆండ్రాయిడ్ 14 నుంచి ఎంచుకున్న ఫొటోలకే అనుమతిచ్చే వీలుంది. ఆ ఒక్క ఫొటో ఇవ్వండి, చాలు.

చలికి ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోతే టెన్షన్ పడకండి, లోపలి జేబులో పెట్టుకుంటే తేరుకుంటుంది. గడ్డకట్టే చలిలో మాత్రం ఛార్జింగ్ పెట్టొద్దు, బ్యాటరీ పాడవుతుంది.