రమజాన్‌లో మహిళల సందేహాలు: నెలసరి, ఖజాలు, మాత్రలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎవరినీ నోరు తెరిచి అడగలేని సంగతులే. జవాబులు హనఫీ మజ్‌హబ్ (ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) ప్రకారం ఇస్తున్నాం. షాఫయీ మజ్‌హబ్‌లో ముఖ్యమైన తేడా ఉన్నచోట ఆ మాట కూడా చెబుతున్నాం.

ప్రశ్న: ఇఫ్తార్‌కు ఐదు నిమిషాల ముందు నెలసరి మొదలైంది. పొద్దంతా ఉన్న రోజా లెక్కకు రాదా?

రాదు. సూర్యాస్తమయానికి నిమిషం ముందు కనిపించినా ఆ రోజా భంగమైనట్టే, తర్వాత ఖజా చెయ్యాలి, అంటే మరో రోజు ఉండి తీర్చాలి. అయితే పొత్తికడుపు నొప్పి, నడుము లాగడం లాంటి సూచనలతో రోజా పోదు. రక్తం బయటపడితేనే పోతుంది. చాలామంది నొప్పి రాగానే "ఎలాగూ వచ్చేస్తుంది" అని నీళ్లు తాగేస్తారు. అలా తాగేశాక మగ్రిబ్ (సూర్యాస్తమయం) దాకా రక్తం రాకపోతే, నిలిచి ఉన్న రోజాను చేజేతులా చెడగొట్టుకున్నట్టే. ఇఫ్తార్ అయ్యాక చూసుకున్నారు, ఎప్పుడు మొదలైందో తెలియదు అనుకోండి. చూసిన సమయాన్నే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఆ రోజా చెల్లుతుంది.

ఆగే వేళ దగ్గర పొరపాట్లు ఇంకా ఎక్కువ. సుబ్‌హె సాదిఖ్‌కు (రోజా మొదలయ్యే తెల్లవారు వేళకు) ముందే స్రావం ఆగితే ఆ రోజు రోజా ఉండాలి. గుస్ల్ (శుద్ధి స్నానం) తెల్లవారాక చేసినా రోజాకు లోటు లేదు, ఫజర్ నమాజు దాటిపోకుండా చూసుకుంటే చాలు. కాకపోతే నెలసరి మొదలై పది రోజులు నిండకముందే ఆగినప్పుడు, తెల్లవారేలోపు స్నానానికి సరిపడా వ్యవధి మిగిలి ఉండాలని హనఫీలు అంటారు. అందుకని చివరి రోజుల్లో సహరీకి లేవగానే చూసుకోవాలి, తినడం పూర్తయ్యాక కాదు. పగలు ఆగితే ఆ రోజు రోజా కాదు, ఖజా ఉంటుంది. అయినా మిగిలిన పొద్దంతా తినకుండా ఉండడం హనఫీల దగ్గర తప్పనిసరి, షాఫయీల దగ్గర మంచిది మాత్రమే.

ప్రశ్న: నెలసరిలో ఉన్నానని ఇంట్లో మగవాళ్లకు తెలియకూడదని సాయంత్రం దాకా నీళ్లు కూడా ముట్టను. తప్పవుతుందా?

రోజా నియ్యత్‌తో (సంకల్పంతో) అలా ఉండడం ఆ రోజుల్లో నిషిద్ధం. కేవలం మొహమాటంతో ఉంటున్నారంటే, ధర్మం అడగని కష్టాన్ని మీరే నెత్తిన వేసుకుంటున్నారు. రక్తం పోతున్న రోజుల్లో నీళ్లు మానేస్తే తలనొప్పీ కళ్లు తిరగడమూ తప్పవు. నలుగురి ఎదుట కాకుండా పక్కగా తినండి, తాగండి. ఇంట్లో మగవాళ్లు కూడా ఫలానా ఆమె రోజా ఎందుకు లేదని ఆరా తీయకుండా ఉంటే సగం ఇబ్బంది అక్కడే తీరుతుంది.

నమాజు వేళకు వుజూ (కాళ్లూ చేతులూ ముఖం కడుక్కునే శుద్ధి) చేసుకుని, రోజూ నమాజు చదివే చోటే కాసేపు కూర్చుని తస్బీహ్ (దైవస్తుతి) చెయ్యడం ముస్తహబ్, అంటే మంచిది. దుఆ (వేడుకోలు), దరూద్ (ప్రవక్తకు దీవెనలు కోరడం), జిక్ర్ (దైవస్మరణ) దేనికీ అడ్డు లేదు. ఖుర్‌ఆన్ గ్రంథాన్ని ముట్టుకోకూడదు, పారాయణ చెయ్యకూడదు, వినవచ్చు. ఖుర్‌ఆన్‌లోని దుఆలను దుఆగా చదువుకోవచ్చు. చివరి పది రాత్రులు నెలసరిలో గడిచినా లైలతుల్ ఖద్ర్ (ఆ రాత్రుల్లో వచ్చే ఘనమైన రాత్రి) చేజారిపోయిందని దిగులు అక్కర్లేదు, ఆ రాత్రి దుఆకు తలుపు మూయలేదు.

ప్రశ్న: నెలంతా రోజాలు ఉండాలని నెలసరి వాయిదా వేసే మాత్రలు వేసుకోవచ్చా?

ఆరోగ్యానికి హాని లేకపోతే ధర్మం అడ్డు చెప్పదు, వేసుకోమనీ చెప్పదు. మా అభిప్రాయం అడిగితే, అవసరం లేదంటాం. మినహాయింపును వాడుకోవడం ఇబాదత్‌లో (ఆరాధనలో) వెనకబడడం కాదు.

వేసుకోవాలనుకుంటే డాక్టరును ముందుగానే కలవండి. సాధారణంగా రాసేది నార్‌ఎథిస్టిరోన్ 5 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు, నెలసరి రావలసిన తేదీకి మూడు రోజుల ముందు నుంచి. ఆపాక రెండు మూడు రోజుల్లో స్రావం మొదలవుతుంది. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి ఇది పనికిరాదు. రోజాలో పగటి మాత్ర కుదరదు కాబట్టి ఇఫ్తార్‌కు, పడుకునేముందు, సహరీకి సర్దుతారు. ఈ ఎడాలు సమంగా ఉండవు, మధ్యలో మరకలు కనిపించవచ్చు. చిక్కంతా అక్కడే. మొదటి మరక నుంచి చివరిదాకా 72 గంటలు నిండకపోతే హనఫీల లెక్కలో అది హైజ్ (నెలసరి) కాదు, ఇస్తిహాజా (నెలసరి కాని రక్తస్రావం). అంటే నమాజూ రోజా రెండూ ఉండాలి. నెలసరే అనుకుని మానేసి ఉంటే రెండింటికీ ఖజా పడుతుంది. షాఫయీలకు ఈ కనీస గడువు ఒక పగలు, ఒక రాత్రి.

ప్రశ్న: వండేటప్పుడు ఉప్పు చూడవచ్చా?

అవసరమైతే నాలుక కొసతో చూసి, ఉమ్మేసి, పుక్కిలించండి. గొంతు దిగనంతవరకు రోజా పోదు. ఊరికే చూడడం మక్రూహ్ (మానడం మేలైన పని). భర్త ముక్కోపి అయితే చూసుకోవచ్చని పాత ఫిఖ్హ్ (ధర్మశాస్త్ర) గ్రంథాలు ప్రత్యేకంగా రాసి పెట్టాయి!

ప్రశ్న: పెద్దదాన్నైనప్పటి నుంచి ఖజాలు చెయ్యలేదు. ఎన్ని ఉన్నాయో గుర్తు లేదు. ఎలా లెక్కపెట్టాలి?

ముందుగా ఒక మాట. నెలసరిలో పోయిన నమాజులకు ఖజా లేదు, రోజాలకే ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) నుంచి వచ్చిన హదీసు దీనికి ఆధారం.

తొలి నెలసరి తర్వాత వచ్చిన రమజాన్లను లెక్కించి, ఒక్కోదానికి మీ మామూలు రోజుల సంఖ్యతో గుణించండి. ఎనిమిది రమజాన్లు, ఆరేసి రోజులు అయితే 48. అక్కడితో ఆపితే తక్కువ వస్తుంది. మీ చక్రం 24 రోజులదైతే ఒకటో రోజాన మొదలైనది మళ్లీ 25వ రోజాన వస్తుంది, ఆ ఏడు 12 పోతాయి. పురుడు రమజాన్‌లో పడి ఉంటే నిఫాస్ (పురుటి రక్తస్రావం) రోజులు కలపండి. దానికి గరిష్ఠం హనఫీల దగ్గర 40 రోజులు, షాఫయీల దగ్గర 60. సందేహం ఉన్నచోట పెద్ద అంకె వేసుకోండి.

తీర్చేటప్పుడు వరసగా ఉండక్కర్లేదు. పగలు చిన్నగా ఉండే కాలం చూసుకోండి. రెండు ఈదుల రోజులు, జుల్‌హిజ్జా 11, 12, 13 తేదీలు మాత్రం వదిలెయ్యాలి. ఎక్కువమంది తప్పేది నియ్యత్ దగ్గర. రమజాన్ రోజాకు పొద్దెక్కాక నియ్యత్ చేసినా హనఫీల దగ్గర చెల్లుతుంది, ఖజాకు చెల్లదు. తెల్లవారకముందే అనుకోవాలి. ఏ రోజుదో తెలియకపోతే "నా మీద ఉన్న ఖజాల్లో మొదటిది" అనుకుంటే సరిపోతుంది. షవ్వాల్ (రమజాన్ తర్వాతి నెల) ఆరు రోజాలను ఖజాలతో కలిపి లెక్కెయ్యకండి, హనఫీల దగ్గర అవి వేరు.

తర్వాతి రమజాన్ దాటిపోతే హనఫీల దగ్గర ఖజా ఒక్కటే. షాఫయీల దగ్గర కారణం లేని ఆలస్యానికి రోజుకో ముద్ (ఒక పాత కొలత) ధాన్యం ఫిద్యా (పేదలకిచ్చే పరిహారం) కూడా ఉంటుంది. ఇకనుంచి ప్రతి రమజాన్‌లో పోయిన తేదీలు ఆరోజే రాసుకోండి.

ప్రశ్న: గర్భంతో ఉన్నాను. రోజాలు ఉండకుండా ఫిద్యా ఇస్తే సరిపోతుందా?

సరిపోదు. ఇకముందు ఉండగలమన్న ఆశ లేనివారికే ఫిద్యా. మీకు తల్లికో బిడ్డకో హాని అన్న భయం ఉంటే మానవచ్చు, తర్వాత ఖజా చెయ్యాలి. భయం బిడ్డ గురించి మాత్రమే అయితే షాఫయీలు ఖజాతోపాటు ఫిద్యా కూడా అంటారు.

గర్భంలో షుగర్ వచ్చి ఇన్సులిన్ మీద ఉన్నవారు డాక్టరు సరే అననిదే మొదలుపెట్టవద్దు. రోజాలో ఉండగా బిడ్డ కదలికలు తగ్గినా, కళ్లు తిరిగినా, వాంతులు ఆగకపోయినా, మూత్రం చిక్కగా కొద్దిగా వస్తున్నా వెంటనే విరమించండి. కదలికలు తగ్గితే నీళ్లు తాగి ఊరుకోకుండా ఆస్పత్రికి వెళ్లండి. పాలిచ్చే తల్లులకు: పాలివ్వడం వల్ల, పాలు పిండి తీయడం వల్ల రోజా పోదు. నెలల బిడ్డ రోజుకు ఆరు కన్నా తక్కువసార్లు మూత్రం పోస్తుంటే పాలు చాలడం లేదేమోనని అనుమానించాలి.

ప్రశ్న: పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

సహరీకి అరగంట నుంచి గంట ముందు లేచి నీళ్లతో వేసుకోవచ్చు. అంత పొద్దున లేవలేకపోతే రాత్రి, చివరి తిండి తిన్న మూడు గంటల తర్వాత. సహరీతోపాటు మింగితే మందు సరిగా ఒంటికి పట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలు దీనికి నాలుగు గంటల ఎడంగా ఉండాలి, కాబట్టి వాటిని ఇఫ్తార్‌కు మార్చుకోండి.