తాహో నీళ్లు గోదావరి నీళ్లు కావు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పిల్లలతో ఇక్కడి కాలిఫోర్నియా కొండల్లోని తాహో సరస్సు దగ్గర డేరా వేసుకుని నాలుగు రోజులు ఉంటామన్నావు. మంచి పని. ఫోనులో చెబితే మరిచిపోతావని, రాసి పంపమని మీ అత్తయ్య కూర్చోబెట్టింది.

పడమటి ఒడ్డున ఉన్న షుగర్ పైన్ పాయింట్ పార్కుకు వెళ్లండి. ఇంటర్‌స్టేట్ 80 హైవే మీద ట్రకీ ఊరిదాకా వచ్చి 89వ నంబరు రోడ్డు పట్టుకోవాలి. డేరాలు వేసుకునే చోటు రోడ్డుకు కొండవైపు, సరస్సు రెండోవైపు. కాబట్టి ఈతకు వెళ్లే ప్రతిసారీ చిన్నదాని చెయ్యి వదలకుండా ఆ రోడ్డు దాటించాలి. చోటు కోసం పార్కుల బుకింగ్ వెబ్‌సైటు రిజర్వ్ కాలిఫోర్నియాలో ఆరు నెలల ముందు, ఉదయం 8 గంటలకు తత్కాల్ టికెట్టుకు కూర్చున్నట్టు కూర్చోవాలి. ఆగస్టు మొదటివారం కావాలంటే ఫిబ్రవరిలోనే.

జూన్ వద్దు, ఆగస్టే అని ఎందుకు పట్టుపడుతున్నానో విను. నువ్వు గోదావరిలో ఈది పెరిగినవాడివి. నా భయమూ అదే. ఈత బాగా వచ్చినవాడే అక్కడ తొందరపడతాడు. నేనూ అలాగే ఒక జూన్‌లో బండమీద నుంచి దూకాను. ఒళ్లు తడిసీ తడవకముందే ఆ నీళ్ల చలికి ఊపిరి దానంతటదే ఎగపీల్చుకుంది. అదృష్టం, తల నీటిపైన ఉంది. లోపల ఉండి ఉంటే ఊపిరికి బదులు నీళ్లే పోయేవి. పది బారల దూరంలో ఉన్న ఒడ్డు చేరేసరికి చేతులు నావి కాకుండా పోయాయి.

ఆ సరస్సు లోతు 501 మీటర్లు. మన నాగార్జునసాగర్ డ్యాములను మూడింటిని ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా మునిగిపోతాయి. అడుగున ఏడాది పొడవునా నాలుగైదు డిగ్రీల చలి. ఎండాకాలం చివరికి పైపొర మాత్రం 20 డిగ్రీల దాకా వెచ్చబడుతుంది. మనం ఈదేది ఆ పైపొరలోనే. నైరుతి గాలి గట్టిగా వీచిన రోజున పడమటి ఒడ్డు నుంచి ఆ పొర కాస్తా అవతలికి కొట్టుకుపోయి, కిందినీళ్లు పైకి వస్తాయి. నిన్న హాయిగా ఉన్న చోటే ఇవాళ కొరుకుతుంది. పిల్లల గాలిబొమ్మలనూ ఆ గాలే లోపలికి లాక్కుపోతుంది. మధ్యాహ్నం నుంచి గాలి పెరుగుతుంది కనుక ఈత ఉదయంపూటే పెట్టుకోండి. నడుము దాకా నడిచి, మెడ, ముఖం తడుపుకొని, ఊపిరి కుదుటపడ్డాకే ఈదాలి. అదీ ఒడ్డు వెంబడే, లోపలికి కాదు. పిల్లలకు ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్లు ఇక్కడే కొనండి.

ఇక ఎలుగుబంట్లు. వాటికి ఆవకాయంటే మనకున్నంత ఇష్టం ఉందో లేదో తెలియదు కానీ, వాసన పసిగట్టక మానవు. కారులో పెడితే చాలనుకోకు, అవి కారు తలుపులు కూడా తీస్తాయి. తిండే కాదు, టూత్‌పేస్టు, కొబ్బరినూనె, అగరుబత్తి కూడా అక్కడ ఇచ్చే ఇనుపపెట్టెలో పెట్టి గడియ వేయాలి. డేరాలోకి బిస్కెట్టు ముక్క కూడా వెళ్లకూడదు.

మొదటి రాత్రికి పులిహోర కలిపి తీసుకెళ్లండి. చేరేసరికి వండే ఓపిక ఉండదు. ఆగస్టు అయినా రాత్రి స్వెట్టర్లు కావాలి. అక్కడ ఎత్తు దాదాపు 1,900 మీటర్లు, నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గిన్నెలో కందిపప్పు పెట్టి ఎంతసేపు కూర్చున్నా పలుకు పోదు. దారిలో మా ఇంటి దగ్గర ఆగి మా చిన్న కుక్కరు తీసుకెళ్లు. దాని విజిల్ కాస్త మొరాయిస్తుంది, గరిటెతో తట్టాలి.

మీ మామయ్య