జైన కుటుంబంలో పుట్టినవాడికి మగవాళ్ళంటే ఇష్టమైతే ధర్మం వదులుకోవాల్సిందేనా?

తమ్ముడూ, జైనుడై ఉండి మగవాళ్ళను ఇష్టపడటం పాపమా అని అడిగావు. దాని వెంటే, అనంతపురంలో సంబంధాలు చూస్తున్నారు, సమాజ్‌లో నాన్న పరువు ఏం కావాలి అనీ అడిగావు. మాది ఆదోనిలో బట్టల వ్యాపారం, మార్వాడీ శ్వేతాంబర కుటుంబం. నాకు నలభై దగ్గర పడ్డాయి. ఎనిమిదేళ్ళుగా ఒకతనితో కలిసి ఉంటున్నా. పాపం సంగతి నాకు కొంత తేలింది. పరువు సంగతి ఇంకా తేలుతూనే ఉంది.

చిన్నప్పుడు ఆదివారం పాఠశాలలో నరకం బొమ్మల పుస్తకం చూపించేవాళ్ళు. ఎర్రగా కాలిన ఇనుప బొమ్మను కౌగిలించుకుని అరుస్తున్న మనిషి ఒక పేజీలో. పరస్త్రీని కోరినవాడికట ఆ శిక్ష. పదమూడేళ్ళప్పుడు, నాలాంటివాడి బొమ్మ ఏ పేజీలో ఉందోనని ఆ పుస్తకం మూడుసార్లు తిరగేశాను. లేదు. లేనందుకు కూడా భయమేసింది.

చాన్నాళ్ళకు, చాతుర్మాసానికి వచ్చిన ఒక మహారాజ్ సాహెబ్, అంటే మన సాధువు, తత్త్వార్థ సూత్రం అనే జైన గ్రంథం చెప్తుంటే 'వేదం' అనే మాట చెవిన పడింది. ఋగ్వేదం యజుర్వేదం కాదు. ఆత్మను మోహంలో ముంచే మోహనీయ కర్మలో నోకషాయాలు, అంటే చిన్న ఉద్వేగాలు, తొమ్మిది. నవ్వు, భయం, శోకం లాంటివి ఆరు పోగా మిగిలిన మూడు పురుషవేదం, స్త్రీవేదం, నపుంసకవేదం. స్త్రీని కోరేది మొదటిది, పురుషుణ్ణి కోరేది రెండోది, ఇద్దరినీ కోరేది మూడోది. మొదటిది గడ్డిమంట అట, రెండోది పిడకల నిప్పు అట. ఒంటి ఆకారం ద్రవ్యవేదం, లోపలి కోరిక భావవేదం, రెండూ ఒకటి కానక్కర్లేదని పాత వ్యాఖ్యాతలే చర్చించారు. సాధువులు దిగే ఉపాశ్రయంలో చాప మీద కూర్చున్న నాకు, వెయ్యేళ్ళ కిందటే ఎవరో నా సంగతి మాట్లాడి పెట్టినట్టు అనిపించింది.

అలాగని నిన్ను మభ్యపెట్టను. మనలాంటివాళ్ళ బంధాన్ని శాస్త్రం దీవించలేదు. గృహస్థుడికి స్వదార సంతోషం అన్నారు, కట్టుకున్న భార్యతో తృప్తిపడమని. నపుంసకులకు సన్యాస దీక్ష ఇవ్వకూడదన్న మాట కూడా గ్రంథాల్లో ఉంది. కానీ మన ధర్మానికి ఏ కోరికైనా కర్మబంధమే కదా. మా అన్న పెండ్లి కూడా ఆ ఖాతాలోదే. అతని పద్దుకు బ్యాండు మేళం, నా పద్దుకు గుసగుసలూ పెట్టింది ఎక్కువగా సమాజే.

గుంతకల్లు నుంచి ఉరవకొండ పోయే దారిలో కొనకొండ్ల చూశావా? పాతకాలపు జైన గురువు కుందకుందాచార్యుల ఊరంటారు. జైనంలో మాది శ్వేతాంబర శాఖ, ఆయనది దిగంబర శాఖ, అయినా ఒకసారి పోయొచ్చాను. రససిద్ధుల గుట్ట మీద తీర్థంకరుల విగ్రహాలున్నాయి. ఆత్మకు రుచి లేదు, రూపు లేదు, వాసన లేదు, శబ్దం లేదు అంటాడాయన తన గ్రంథం సమయసారంలో. ఎండకు బండ కాలుతోంది, చెప్పులు కింద వదిలేశాను, పెద్ద జ్ఞానోదయమేమీ కాలేదు. కానీ ఆ తర్వాత మన రోజువారీ మంత్రం నవకార్ చదవడానికి సిగ్గుపడలేదు.

ఇక పెండ్లి. ఇక్కడ మాత్రం నా తప్పు చూసి నేర్చుకో. 2016లో నాకు బళ్ళారి అమ్మాయితో సంబంధం ఖాయమైంది. "పెండ్లయితే అన్నీ సర్దుకుంటాయిలే" అన్న మాట నమ్మాను. పెండ్లి ఇరవై రోజులుందనగా నావల్ల కాదన్నాను. పురుగు పడి చస్తుందని పొద్దు గూకాక అన్నం ముట్టని, నేలలో ఊరే గడ్డలు తినని ఇల్లు మాది. అదే ఇంట్లో ఒక పిల్ల బతుకు అంతదూరం లాక్కొచ్చాను. నాకేం అయిందని ఎవరూ అడగలేదు, పిల్లలో ఏం లోపమని అడిగారు. ఆ ఏడు సంవత్సరికి, అంటే మనం క్షమాపణలు అడిగే పండగకు, ప్రతిక్రమణ (చేసిన తప్పులు ఒప్పుకోవడం) అయ్యాక ఆ పిల్ల అన్నకు 'మిచ్ఛామి దుక్కడం', నా తప్పు మన్నించమని మెసేజ్ పెట్టాను. రెండు నీలం గీతలు పడ్డాయి. అంతే, ఈరోజుకీ జవాబు లేదు.

అందుకే బయోడేటా బయటికి పోకముందే ఆపు. కారణం మొత్తం ఆరోజే చెప్పనక్కర్లేదు, "నేను చేసుకోను" అంటే చాలు. నేను మొదట చెప్పింది అక్కకు. పర్యూషణ పండగ రోజుల్లో, ఇంటిల్లిపాదీ ఉపవాసాలుండగా మాత్రం చెప్పొద్దు, నీరసంగా ఉన్నవాళ్ళకు కోపం త్వరగా వస్తుంది. డాక్టరు దగ్గరికి పోదామంటారు. నన్నూ తీసుకెళ్ళారు, మార్చేస్తానని ఆయన మాత్రలూ రాశాడు. ఇప్పుడు అలా మారుస్తామనడం వృత్తి దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషనే 2022లో చెప్పింది. ఆ మాట దగ్గర పెట్టుకో.

చట్టం సంగతి నాన్న తప్పకుండా అడుగుతాడు, వ్యాపారస్తుడు కదా. ఇద్దరు పెద్దవాళ్ళైన మగవాళ్ళు ఇష్టపడి కలిసుండటం 2018 సెప్టెంబరు 6 నుంచి నేరం కాదు. అలాంటి జంటల పెండ్లి హక్కును మాత్రం సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న ఒప్పుకోలేదు. జాయింట్ అకౌంటుకు, నామినీ పెట్టుకోవడానికి అడ్డు లేదని 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. మేం తీసేటప్పుడు బ్యాంకాయన "అన్నదమ్ములా?" అన్నాడు. కాదు, కలిసి ఉంటాం అన్నాను. కాసేపు చూసి, "సరే, పాన్ కార్డులియ్యండి" అన్నాడు. వీలునామా కూడా రాసుకున్నాం, అది మర్చిపోవద్దు.

మా నాన్న ఇప్పుడు షాపుకొచ్చినవాళ్ళకు నాతో ఉండే అతన్ని "మావాడి పార్ట్‌నర్" అని చెప్తాడు. వాళ్ళు బట్టల వ్యాపారంలో వాటాదారు అనుకుంటారు. నాన్న సరిదిద్దడు. అమ్మ మొదటి రెండేళ్ళు మాట్లాడలేదు. మూడో ఏడు దాల్‌బాటి క్యారియర్ పంపిస్తూ ఫోన్ చేసి ఒకటే అడిగింది, "ఆ పిల్లోడు ఎర్రగడ్డ, ఉర్లగడ్డ తింటాడేమి?" తింటాడమ్మా, బయట తింటాడు అన్నాను. "ఇంట్లోకి తేవద్దని చెప్పు" అంది.