వంట, వడ్డన పోటీలకు దాతల సాయం: ఎవరిని, ఏమని అడగాలి?

ప్రశ్న: మాది తాడిపత్రి. నేను బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాను. మా అబ్బాయి హోటల్ మేనేజ్‌మెంట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడికి వంట కన్నా వడ్డన విభాగం మీద ఇష్టం ఎక్కువ. పోటీలకు వెళ్తానంటున్నాడు కానీ సాధనకు, దుస్తులకు, ప్రయాణాలకు అయ్యే ఖర్చు మేము మోయలేం. ఇంత చదివి సర్వర్ పోటీలా అని బంధువులు అంటున్నారు. ఇలాంటి వాటికి సాయం చేసే ట్రస్టులు ఉంటాయా? అసలు వెళ్లడం అవసరమా?

జవాబు: బంధువుల మాట గురించి ముందు చెబుతాను, ఎందుకంటే ఆ సంకోచం మీ మనసులో ఉంటే దాతను అడిగేటప్పుడు మీ గొంతు బలహీనపడుతుంది. రెండేళ్లకోసారి జరిగే వరల్డ్ స్కిల్స్ అంతర్జాతీయ పోటీల్లో వంట ఒక విభాగమైతే రెస్టారెంట్ సర్వీస్ దానితో సమానమైన మరో విభాగం. అందులో పాల్గొనేవారు బల్ల అమర్చడం, న్యాప్‌కిన్లు మడవడం మొదలుకొని అతిథి కళ్లెదుటే మాంసాన్ని, పండ్లను కోసి వడ్డించడం, కాఫీలు, ఇతర పానీయాలు తయారుచేయడం, విందు మొత్తాన్ని తడబాటు లేకుండా నడిపించడం వరకు అన్నీ గడియారం ముందు చేసి చూపించాలి. 2024లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగిన పోటీల్లో మన దేశానికి వచ్చిన నాలుగు కాంస్య పతకాల్లో రెండు ఆతిథ్య రంగానివే: ఒకటి కేకులు, మిఠాయిల తయారీలో, రెండోది హోటల్ రిసెప్షన్‌లో. మీ అబ్బాయి ఎంచుకున్న దారి చిన్నది కాదు.

ఇక సాయం సంగతి. బ్రిటన్‌లో 1979లో మొదలైన యంగ్ షెఫ్ యంగ్ వెయిటర్ పోటీ పేరులోనే వండేవారికీ వడ్డించేవారికీ సమాన స్థానం ఉంది. అక్కడ సవాయ్ ఎడ్యుకేషనల్ ట్రస్ట్ వంటి ధర్మనిధులు ఆతిథ్య రంగంలో చదువుకు, శిక్షణకు, పోటీలకు డబ్బు సమకూరుస్తాయి. ఏ హోటల్ యజమానీ ఒంటరిగా ఈ ఖర్చు పెట్టడానికి సులభంగా ముందుకు రాడు, ఎందుకంటే తాను తీర్చిదిద్దిన కుర్రవాడు రేపు పక్క హోటల్‌కు వెళ్లిపోవచ్చు. లాభం రంగమంతటికీ చెందినప్పుడు ఖర్చు కూడా ఉమ్మడి నిధి నుంచి రావడమే న్యాయం. మన దగ్గర ఇందుకోసమే ఏర్పడిన నిధులు అరుదు కాబట్టి ఉన్న మార్గాలను కలుపుకోవాలి.

మొదటి మార్గం ఇండియా స్కిల్స్, అంటే వరల్డ్ స్కిల్స్‌కు మన దేశం తరఫున వెళ్లేవారిని ఎంపిక చేసే జాతీయ పోటీ. జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ నడిపే ఈ పోటీకి మన రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ద్వారా వెళ్లాలి. అంతర్జాతీయ దశలో వంట, వడ్డన విభాగాలకు పోటీ జరిగే ఏడాదికి 22 ఏళ్లు మించకూడదన్న నియమం ఉంది కనుక రెండో సంవత్సరంలో ఉన్న మీ అబ్బాయి డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగడం మంచిది కాదు.

రెండోది కంపెనీల సామాజిక బాధ్యత నిధులు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. ఉపాధినిచ్చే వృత్తి నైపుణ్యాల శిక్షణ చట్టం అనుమతించిన ఆ కార్యక్రమాల జాబితాలో ఉంది. తాము పనిచేస్తున్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. తాడిపత్రి చుట్టూ ఉన్న సిమెంటు, ఉక్కు కర్మాగారాలను గుర్తుచేసుకోండి. అయితే ఒక విద్యార్థి నేరుగా దరఖాస్తు పెడితే సాధారణంగా పని జరగదు. కంపెనీ తరఫున ఈ పని చేసే సంస్థ కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వద్ద నమోదై ఉండాలి. అందువల్ల అలా నమోదై ఉంటే మీ అబ్బాయి కళాశాల గాని, లేదంటే నమోదైన ఒక ట్రస్టు గాని, అదే అవసరం ఉన్న మరికొందరు విద్యార్థులను కలుపుకొని అడగాలి. 1969 నుంచి అనంతపురం జిల్లాలో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పల్లె పిల్లలకు ఆటల్లో కూడా శిక్షణ ఇస్తోంది కాబట్టి, పోటీకి సిద్ధం చేయడం కూడా సేవేనన్న మాట మన ప్రాంతపు దాతలకు కొత్తగా వినిపించదు.

ఏమని అడగాలన్నది దీనికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. బహుమతి సొమ్ము కోసమో, పోటీ రోజు రైలు టికెట్ కోసమో అడిగేవారే ఎక్కువ. నిజానికి పోటీ గెలిచేది అంతకుముందు నెలల సాధనలో. పదేపదే కోసి చూడటానికి పండ్లు, కోళ్లు కావాలి. సాధనలో పగిలే గ్లాసులకు బదులు కొత్తవి కావాలి. పెద్ద హోటల్‌లో పనిచేస్తున్న అనుభవజ్ఞుడు నెలకు రెండుసార్లు వచ్చి తప్పులు దిద్దడానికి రానుపోను ఖర్చులు కావాలి. గంటల తరబడి నిలబడటానికి మంచి బూట్లు కావాలి. ఈ పద్దులన్నీ ధరలతో సహా ఒక కాగితం మీద రాసి, సొమ్ము మీ చేతికి కాకుండా కళాశాల ఖాతాకు రావాలని, బిల్లులు దాతకు అందుతాయని స్పష్టంగా చెప్పండి.

పోటీ కోసం అప్పు మాత్రం చేయవద్దు. ప్రవేశ రుసుము భారీగా తీసుకొని, వచ్చినవారందరికీ పతకం ఇచ్చి పంపే పోటీలకు దాత డబ్బు కూడా ఖర్చు చేయకూడదు. న్యాయనిర్ణేతలు ఎవరు, మార్కుల పట్టిక విద్యార్థికి చూపిస్తారా, రాణించినవారికి మంచి హోటళ్లలో శిక్షణకు అవకాశం దొరుకుతుందా అని ముందే రాసి అడగండి. సమాధానం రాకపోతే మరో పోటీ చూసుకోవచ్చు.

డబ్బుతో పనిలేని సాధన ఒకటుంది. దాన్ని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. రాగి సంగటి, ఉగ్గాణి, ఓళిగ అంటే ఏమిటో, దేనితో చేస్తారో, ఎలా తింటారో తెలియని అతిథికి రెండు మూడు వాక్యాల్లో ఇంగ్లీషులోనూ హిందీలోనూ నోరూరేలా చెప్పగలగడం సర్వర్‌కు పెద్ద ఆస్తి. మీ ఇంట్లో వాళ్లనే అతిథులుగా కూర్చోబెట్టి రోజూ చెప్పించండి.

కంపెనీలు ఈ నిధుల ప్రణాళికను ఏటా ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి వేసుకుంటాయి కనుక కళాశాల లేఖ జనవరి లోపల చేరితే మంచిది. లేఖతో పాటు విద్యార్థుల వయసు, హాజరు, ఖర్చుల అంచనా, సాధన కాలపట్టిక జతచేయమని ప్రిన్సిపాల్‌ను ఇప్పుడే కలిసి కోరండి.