కెమెరాను బీరువాలోంచి తీయండి, కెరీర్ సంగతి తర్వాత

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బట్టల కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం. మేనమామ ఇచ్చిన పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాతో ఏడాదిగా ఫొటోలు తీస్తోంది. మార్కులు తగ్గాయి, చదువు పాడవుతుందని రెండు నెలల కిందట కెమెరా బీరువాలో పెట్టి తాళం వేశాను. మార్కులు పెరగలేదు సరికదా, నాతో మాట్లాడటం తగ్గించింది. అంత ఇష్టమైతే దాన్నే వృత్తిగా చేయించమని బంధువులు అంటున్నారు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ వాళ్లు ఏడాది డిప్లొమా ఉందని, సీటు కావాలంటే వెంటనే అడ్వాన్సు కట్టమని ఫోన్లు చేస్తున్నారు. డిప్లొమా, బీఎఫ్ఏ (లలిత కళల డిగ్రీ), మామూలు డిగ్రీ... ఏది మంచిదో పోల్చి చెప్పండి. ఆమె తీసిన ఫొటో ఒకటి పంపుతున్నాను.

జవాబు: పోలిక తర్వాత చెబుతాను. మిమ్మల్ని తొలుస్తున్నది కోర్సుల సంగతి కాదనిపిస్తోంది. రూపాయి రాని పని మీద పిల్ల ఇంత మనసు పెడుతోందే, రేపు దీని బతుకు ఏమవుతుందన్నది మీ దిగులు. ఇదే దిగులుతో నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు ఎందరో. ఒకరి ఇంట్లో వీణ, ఒకరి ఇంట్లో చదరంగం, మీ ఇంట్లో కెమెరా. అందరూ అడిగేది ఒకటే: దీన్ని వృత్తి చేయించాలా, మాన్పించాలా? రెండూ అక్కర్లేదు. ఊళ్లోనే, చదువుతో పాటే, సరదాగా చేసుకోనివ్వండి. ఇప్పటికిప్పుడు తేల్చవలసిన తొందర ఏమీ లేదు.

మీరు పంపిన ఫొటో చాలాసేపు చూశాను. పశువుల కొమ్ముతో బొమ్మలు చేసే పెద్దాయన పీట మీద ఆనించిన కొంగ బొమ్మ మెడను నునుపు చేస్తున్నాడు. వెలుగు తలుపులోంచి ఒక పక్కనే పడుతోంది. కదులుతున్న చేయి మసకగా ఉంది, కొంగ మాత్రం ముక్కు చివరి దాకా స్పష్టంగా ఉంది. అలా రావాలంటే షట్టర్ వేగం తగ్గించి (అంటే కెమెరా కన్ను కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచి), కెమెరాను దేనికో ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఫ్లాష్ వేసి ఉంటే ఆ వెలుగంతా పోయేది. ఒక మూల రెండు టీ గ్లాసులున్నాయి, గమనించారా? రెండోది మీ అమ్మాయి కోసం తెప్పించినదే అయ్యుంటుంది. ఈ ఒక్క ఫొటో చూసి ఆమె పెద్ద ఫొటోగ్రాఫర్ అవుతుందని నేను చెప్పను. పరాయి మనిషి పని చేసుకునే చోట అతని మన్నన పొంది, ఓపికగా కూర్చుని చూడగల పిల్ల అని మాత్రం చెప్పగలను. ఆ ఓపిక చదువును పాడు చేయదు.

మరి మీరేం చేశారు? తాళం వేశారు. మీ ఉత్తరంలో బంధువుల మాట ఉంది, ఆ సంస్థ వాళ్ల మాట ఉంది, అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. కొట్లో పనివాడి లెక్క తప్పినా పిలిచి కారణం అడుగుతారు కదా, కన్నకూతురికి మార్కులు తగ్గితే ఎందుకు అడగలేదు? ఏ సబ్జెక్టులో తగ్గాయో కూడా రాయలేదు. ఫిజిక్స్ అర్థం కాకపోతే ట్యూషన్ పెట్టించాలి గానీ కెమెరా దాచితే ఫిజిక్స్ వస్తుందా? ఇంకో మాట: మీ వైపు ఉండే తేమకు, మూసి ఉన్న చీకటి బీరువాలో బట్టల మధ్య పెట్టిన లెన్సుకు లోపల సన్నటి దారాల్లా బూజు పడుతుంది. ముదిరితే గాజు మీద మచ్చ మిగిలిపోతుంది. ఈరోజే తీసి ఆమెకు ఇవ్వండి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి అందులో పెట్టుకోమనండి.

ఇక డిప్లొమా. 'ఇష్టమైన పనినే వృత్తి చేసుకో' అన్న మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినబడుతోంది. నాకు ఆ మాట మీద గట్టి అనుమానాలున్నాయి. పెళ్లి ఫొటోగ్రఫీ గౌరవమైన వృత్తి, దానితో సంసారాలు నడుపుకుంటున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్ల కష్టం ఎలాంటిదో ఆ ఫోన్లలో ఎవరూ చెప్పరు. ముహూర్తాలున్న నెలల్లో రాత్రిళ్లు నిద్ర ఉండదు. ఆషాఢంలో, మూఢంలో పని ఉండదు, కెమెరా కోసం చేసిన అప్పు వాయిదా మాత్రం ఆగదు. ఆల్బమ్ చేతికిచ్చేదాకా మిగతా డబ్బు రాదు. పైగా అక్కడ చెల్లేది కొనేవాళ్ల అభిరుచి. మీ అమ్మాయి తీసిన కొమ్ము పనివాడి ఫొటోకు ఆ లోకంలో చోటు దొరకదు. పదిహేడేళ్ల వయసులో మనసుకు దగ్గరైన పని మీద ఇంటి ఖర్చుల బరువు వేస్తే, చాలామందికి ఆ ఇష్టమే విరిగిపోతుంది. పోనీ ఆ పనే చేయాలన్నా డిప్లొమాయే దారి కాదు; స్టూడియోల్లో పనివాళ్లు చాలామంది సీనియర్ వెనక లైటు పట్టుకుని నిలబడి నేర్చుకున్నవాళ్లే. డ్రోన్ కూడా నేర్పుతామని ఊరిస్తే ఒకటి అడగండి: 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వృత్తి పనికి ఎగరేయాలంటే 18 ఏళ్లు నిండి, గుర్తింపు పొందిన శిక్షణ సంస్థ ద్వారా సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. వాళ్లకు ఆ గుర్తింపు ఉందా?

బీఎఫ్ఏ సంగతి వేరు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో ఫొటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్ నాలుగేళ్ల కోర్సు ఉంది, అది నిఖార్సయిన చదువు. ప్రవేశ పరీక్ష వివరాలు సులభంగానే దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. అమ్మాయి తానుగా కోరితే అడ్డుపడకండి. కోరకపోతే మీ ఊరి ఎస్‌కేసీజీ కళాశాలలో నచ్చిన డిగ్రీ చేసినా పోయేదేమీ లేదు. సినిమా చదువు చెప్పే పుణే ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్ఆర్ఎఫ్‌టీఐలలో సినిమాటోగ్రఫీకి గానీ, డిజైన్ చదువుల సంస్థ ఎన్ఐడీలో ఫొటోగ్రఫీ డిజైన్ పీజీకి గానీ డిగ్రీ అయినవాళ్లనే తీసుకుంటారు. అంటే మూడు నాలుగేళ్ల తర్వాత కూడా ఆ దారి తెరిచే ఉంటుంది. పాతకాలపు ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రజా పనుల శాఖలో నక్షాలు గీసే ఉద్యోగం చేస్తూ 1874లో ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు అయింది ఆ తర్వాత చాలా ఏళ్లకు.

అంత దూరం ఎందుకు, మీ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తిగారు రాజావారి బడిలో పాఠాలు చెబుతూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. ఎవరూ పురమాయించలేదు. బడి పాఠాలు ఆగలేదు, సవర నిఘంటువూ తయారైంది. ఆ ఊళ్లో పుట్టిన పిల్లకు చూడటానికి వస్తువులు కరువా? మహేంద్రతనయ ఒడ్డున పొద్దుటి మంచు ఉంది, రాజావారి కోట ఉంది, సంత ఉంది. ఒకప్పటి నారోగేజి (చిన్న రైలు) దారిలో ఇప్పుడు పెద్ద రైలు వస్తోంది. పట్టాల మీదికి మాత్రం దిగవద్దని చెప్పండి, ప్లాట్‌ఫాం మీద నుంచి తీస్తే చాలు. చలికాలంలో టెక్కలి దగ్గరి తేలినీలాపురం వెళ్తే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కు కొంగలు ఊరి చెట్ల మీద గూళ్లు కట్టుకుని కనిపిస్తాయి. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. సంతలో సవర ఆడవాళ్లను తీసేముందు అడగడం, తీశాక ఒక ప్రింటు తీసుకెళ్లి వాళ్ల చేతికి ఇవ్వడం అలవాటు చేయండి.

ఆడపిల్ల ఒంటరిగా తిరుగుతోందన్న భయం కూడా మీకు ఉండే ఉంటుంది. అది తప్పు కాదు. దానికి మందు మీరు వెంట వెళ్లడం. ఆదివారం కొట్టు గంట ఆలస్యంగా తెరిస్తే నష్టం లేదు. పరీక్షలు ముగిసేదాకా వారానికి ఒక పూట కెమెరా, మిగతా రోజులు చదువు. ఈ లెక్క ఆమెతో కూర్చుని ఆమె చేతే వేయించండి, మీరు వేసి ఇవ్వకండి.

అడ్వాన్సు కట్టకండి. ఈసారి ఫోన్ వస్తే, మూడేళ్ల కిందట అక్కడ చదివినవాళ్లు ఇప్పుడు ఏం పని చేస్తున్నారో, వాళ్లు తీసినవి చూపించగలరో అడగండి. ఇంకా మంచిది, ఫోన్ అమ్మాయికే ఇవ్వండి. ఏం అడగాలో మీకన్నా ఆమెకే బాగా తెలుసు.