ఆయిల్ పోయించినా బాయిలర్ వెలగడం లేదా?

అమ్మాయ్, మీది కావలి అని, మసాచుసెట్స్‌లో నీకిదే మొదటి చలికాలమని, మీ ఆయన ప్రాజెక్టు పని మీద వేరే రాష్ట్రంలో ఉన్నాడని రాశావు. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ ఆయిల్ అయిపోయి ఆగింది, ట్యాంకు నింపించినా వెలగడం లేదు, పొద్దుట్నుంచి రీసెట్ నొక్కుతూనే ఉన్నానన్నావు. ముందు ఆ ఎర్ర బటన్ మీద నుంచి చెయ్యి తియ్యి. తర్వాత చదువు.

మాది ఒంగోలు. మా ఇంట్లో వంటకి రెండు గ్యాస్ బండలు ఉండేవి. రెండూ అయిపోతే పక్కింటి పిన్నిగారి బండ మా వంటింట్లోకి వచ్చేది. ఇక్కడ బేస్‌మెంట్‌లో 275 గ్యాలన్ల ట్యాంకు, అంటే వెయ్యి లీటర్ల పైచిలుకు. అంత పెద్దది అయిపోతుందన్న ఆలోచనే నాకు రాలేదు. పైన గాజు గొట్టంలో ఎర్ర బిళ్ళ పావు దగ్గర కనిపించేది. మూడు వారాలైనా పావు దగ్గరే ఉంటే, పొదుపుగా వాడుతున్నానని సంతోషించాను. అది ఇరుక్కుపోయిందని తర్వాత తెలిసింది.

2004 జనవరి, సరిగ్గా భోగి. బయట మైనస్ 18 సెల్సియస్. మా ఆయన ఒహాయోలో. డ్రైవింగ్ రాదు, డిపెండెంట్ వీసా, మాట్లాడే మనిషి లేదు. ఫోన్ కార్డు గీకి అమ్మకి చేస్తే, వాకిట్లో భోగి మంట చిటపటలు వినిపిస్తున్నాయి. 'చలిగా ఉందా తల్లీ' అంది. 'లేదమ్మా, వెచ్చగానే ఉన్నాను' అన్నాను. అప్పటికి రెండు దుప్పట్లు కప్పుకుని, ఓవెన్ తలుపు తెరిచి దాని ముందు కూర్చుని ఉన్నాను. నువ్వు ఆ పని మాత్రం చెయ్యకు, ప్రమాదం.

నేనూ నీలాగే రీసెట్ పదిసార్లు నొక్కాను. మర్నాడు వచ్చిన మెకానిక్ మూత తీసి చూసి తల పట్టుకున్నాడు. నొక్కినప్పుడల్లా గొట్టంలో మిగిలిన కాస్త ఆయిల్ కాలకుండా లోపల చేరింది. అదంతా ఒక్కసారి అంటుకుంటే ఇల్లంతా మసి. ముందు దాన్ని తుడిచాకే పని మొదలుపెట్టాడు. అందుకే ఒకటి రెండుసార్లు దాటి నొక్కొద్దు.

అతను చేసింది పక్కన నిలబడి చూశాను. సింగరాయకొండ దగ్గర మా తాతగారి పొలంలో ఆయిల్ ఇంజనుకి డీజిల్ అయిపోతే, పోశాక కూడా స్టార్టయ్యేది కాదు. 'గాలి పట్టింది' అని తాతయ్య నట్టు వదులు చేసి ఎయిర్ తీసేవాడు. ఇదీ అంతే! పంపు ఆయిల్‌కి బదులు గాలి లాగుతుంది, మంట కనపడక సెన్సర్ కొన్ని సెకన్లలో బర్నర్‌ని, అంటే ఆయిల్‌ని మండించే భాగాన్ని, ఆపేస్తుంది. ట్యాంకు నింపాక అడుగున లేచిన మడ్డి దిగేదాకా ఆగాలి. ట్యాంకు దగ్గర వాల్వు తెరిచి ఉందో లేదో చూడాలి. ఫిల్టర్ మార్చాలి. అప్పుడు పంపుకి ఉన్న చిన్న బ్లీడర్‌కి, అంటే గాలి తీసే నట్టుకి, సన్నటి ప్లాస్టిక్ ట్యూబు తొడిగి, కొసని సీసాలో పెట్టి, పానాతో కొంచెం వదులు చేసి, రీసెట్ ఒకసారి. మొదట గాలి తుప్పుతుప్పుమంటుంది, తర్వాత మజ్జిగ చిలికినట్టు గులాబీరంగు నురగ, ఆ తర్వాత బుడగ లేని ఎర్రటి ధార. ధార నిలకడగా వచ్చాక, బర్నర్ తిరుగుతుండగానే బిగించాలి. గుప్పుమని మంట అందుకుంటుంది. ట్యాంకు నుంచి రెండు గొట్టాలు వచ్చి ఉంటే చాలావరకు గాలి దానంతటదే పోతుంది.

ఈ పని ఇప్పుడు నేను స్వయంగా చేసుకోగలను. నీది అద్దె ఇల్లు, పైగా ఇప్పటికే అన్నిసార్లు నొక్కావు కాబట్టి నువ్వు చెయ్యొద్దు. ఓనరుకి చెప్పి, మెకానిక్‌ని పిలిపించు. ఆయిల్ ఖర్చు నీదని అగ్రిమెంటులో రాసి లేకపోతే అది ఓనరుదే. ఆ రూల్స్ నువ్వే చూసుకోగలవు. సింకు కింద అల్మరా తలుపులు తెరిచి, కుళాయి సన్నగా కారనివ్వు, పైపులు గడ్డకట్టకుండా.

ఇవన్నీ సరే. నన్ను నిద్రపోనివ్వనిది వేరే మాట. 'ఇక్కడ ఎవరూ తెలియదక్కా' అని రాశావు. మీ కాలం పిల్లలకి ఫోన్లో అన్నీ దొరుకుతాయి, ఎదురింటి వాళ్ళ పేరు మాత్రం తెలియదు. నాకూ మూడు నెలలు తెలియలేదు. ఆ రాత్రి పదిన్నరకి సిగ్గు విడిచి ఎదురింటి పెద్దావిడ తలుపు కొట్టాను. ఒక్క మాట అడగకుండా లోపలికి లాగి, తన శాలువా నా మీద కప్పి, తన ఆయిల్ కంపెనీకి తనే ఫోన్ చేసింది. ఆ రాత్రి వాళ్ళ సోఫాలోనే పడుకున్నాను. ఆ మూడు నెలల్లో నేను ఏడవని రోజు లేదు, ఆవిడ ఇల్లు మాత్రం నలభై అడుగుల దూరంలోనే ఉంది.

ఈ రాత్రి ఆ ఇంట్లో ఒక్కదానివే ఉండకు. ఎదురింటి తలుపు కొట్టు, ఇంగ్లీషు గురించి ఆలోచించకు. మీ ఆయనకి నిజం చెప్పు, అమ్మకి కూడా చెప్పు. ఎవరూ తలుపు తియ్యకపోతే ఏ ఊళ్ళో ఉన్నావో నాకు రాయి, ఎంత రాత్రయినా బయల్దేరి వస్తాను.